పాడుపడిన గనుల బాటలో జాన్ మ్యూర్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పడమటి కొసన ఉన్న కాలిఫోర్నియాకు తూర్పుగోడవలె నిలిచిన పర్వతశ్రేణి సియెర్రా నెవాడా. ఆ గోడకు ఉన్న కొద్దిపాటి గండ్లలో మోనో కనుమ ఒకటి. సముద్రమట్టానికి సుమారు 10,600 అడుగుల ఎత్తున ఉన్నది. యోసెమిటీ జాతీయవనంలోని రహదారి వద్ద బండి దిగి సుమారు 4 మైళ్లు కాలినడకన ఎక్కితే ఆ కనుమను చేరవచ్చును. దారి మొదట పైన్ వృక్షాల నీడలోను, పిమ్మట పచ్చిక బయళ్ల అంచునను సాగుతుంది. పైకి పోయినకొద్దీ చెట్లు మరుగుజ్జులవుతాయి, గాలి పలుచనవుతుంది. కనుమ సమీపంలో బాటసారికి అనుకోని దృశ్యమొకటి ఎదురవుతుంది. నరసంచారం లేని ఆ ఎత్తులో దుంగలను పేర్చి కట్టిన గుడిసెలు కొన్ని నిలబడి ఉన్నాయి. 1879 ప్రాంతంలో గోల్డెన్ క్రౌన్ అనే గనిని తవ్వ వచ్చినవారు తలదాచుకొనడానికి కట్టుకొన్న గుడిసెలవి. గని వారికి భాగ్యమివ్వలేదు. కొద్ది సంవత్సరాలలోనే వారు వెళ్లిపోయినారు.

ఆ గుడిసెలు లేవడానికి పదేళ్లకు పూర్వం, 1869 ఆగస్టు మాసంలో, అదే కనుమ మీదుగా ముప్పది ఒక్క సంవత్సరాల వయసుగల మనిషి ఒకడు ఒంటరిగా నడిచి వెళ్లినాడు. ఆ వేసవిలో గొర్రెల మంద వెంట పోవడం ఆయన జీవనోపాధి. నడుముకు కట్టుకొన్న ఒక నోటుపుస్తకం, కొంత రొట్టె, ఇంతే ఆయన సరంజామా. ఆయనకు కావలసినదేదీ ఆ నేలను తవ్వితే దొరికేది కాదు. ఆయనే జాన్ మ్యూర్. అడవులను, కొండలను ఉన్నవి ఉన్నట్లుగా భావితరాలకు అప్పగించాలని అమెరికా ప్రజలకు బోధించిన వారిలో అగ్రగణ్యుడు. ఈయన జీవితాన్ని కళాశాల విద్యార్థుల ఎదుట ఉంచాలని మేము తలచినప్పుడు మాకు మొదట స్ఫురించినది ఆయన గ్రంథాలు కావు, పదవులు కావు. ఆ గుడిసెలు, ఆ బాట.

జాన్ మ్యూర్ 1838 వ సంవత్సరం ఏప్రిల్ 21 వ తేదీన స్కాట్లండులో సముద్రపుటొడ్డున ఉన్న డన్‌బార్ పట్టణంలో జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో మూడవవాడు. తండ్రి డేనియల్ మ్యూర్ వర్తకుడు, మతనిష్ఠ కలవాడు, కఠినుడు. కుమారునిచేత బైబిలులో క్రొత్త నిబంధన మొత్తాన్ని, పాత నిబంధనలో అధికభాగాన్ని కంఠస్థం చేయించాడు. అప్పజెప్పలేని దినాన దెబ్బలు తప్పేవి కావు.

1848 లో కాలిఫోర్నియాలో కొలోమా అనేచోట బంగారం బయటపడింది. మరుసటి సంవత్సరం నుండి దేశదేశాల జనం అటు పరుగులు తీసింది. కొద్ది ఏండ్లలో వెళ్లినవారు సుమారు 3 లక్షలని అంచనా. సరిగా ఆ 1849 లోనే మ్యూర్ కుటుంబం కూడా అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికా చేరింది. అయితే వారు వెళ్లినది బంగారానికి కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో అడవి నరికి సేద్యం చేయడానికి. పదకొండేళ్ల జానుకు ఆనాటితో బడి ముగిసింది. నాగలి చేతికి వచ్చింది. పన్నెండవ ఏట నాగలి పట్టిన బాలునికి దాని మేడి తలతో సమానంగా ఉండేదట.

తరువాత ఆ కుటుంబం హికరీ హిల్ అనే కొత్త పొలానికి మారింది. అక్కడ నీరు లేదు. బావి తవ్వవలసి వచ్చింది. పై పది అడుగులు పోగా అడుగున అంతా ఇసుకరాయి. మందుగుండుతో పేల్చడం సాధ్యం కాకపోగా తండ్రి ఉలి, సుత్తి జానుకు అప్పగించాడు. మూడడుగుల వెడల్పుగల గుంటలో ముడుచుకొని కూర్చుండి, తెల్లవారినది మొదలు చీకటిపడేవరకు రాతిని చెక్కడం. ఉదయం బొక్కెనలో దించేవారు, మధ్యాహ్న భోజనానికి లాగేవారు, మరల దించేవారు. ఇట్లు మాసాలు గడిచాయి. ఆ బావిలోనికి తండ్రి ఒక్క గంటసేపైనా దిగలేదని మ్యూర్ వృద్ధాప్యంలో వ్రాసుకొన్నాడు. ఆ వాక్యంలో కోపం కంటె ఆశ్చర్యమే ఎక్కువగా మాకు తోచింది.

ఎనభై అడుగుల లోతున ఒకనాటి ఉదయం ప్రాణాపాయం సంభవించింది. రాత్రివేళ బావి అడుగున బొగ్గుపులుసు వాయువు చేరి నిలిచింది. అది గాలికంటె బరువైనది, కంటికి కనిపించదు, వాసన లేదు. గనులలో పనిచేసేవారికి అది పరమశత్రువు. దిగిన కొద్దిసేపటికే జాను తూలిపోయి గోడకు ఒరిగినాడు. స్పృహ తప్పబోతున్న ఆ క్షణంలో ఎందుకో తల పైకెత్తాడు. బావి నోటిమీదికి వంగిన ఓక్ చెట్టు కొమ్మ ఒకటి ఆకాశంలో కనిపించింది. ఆ కొమ్మను చూడగా తెలివి వచ్చి, బయటికి లాగుమని నీరసంగా కేకవేశాడు. ఎట్లో బొక్కెనలో పడ్డాడు. లాగినారు. ఊపిరి అందక చాలసేపు తల్లడిల్లి బ్రదికినాడు. పొరుగున ఉన్న ఒక స్కాట్లండువాడు పూర్వం గనులలో పనిచేసినవాడు. ఆయన వచ్చి, దిగేముందు నీళ్లు చిలకరించడం, త్రాడుకు కట్టిన ఎండుగడ్డి కట్టను పైకీ క్రిందికీ ఆడించి గాలి మార్చడం నేర్పాడు. ఒకటి రెండు దినాలకే జానును మరల దించారు. తొంబదవ అడుగున నీరు పడింది. భూగర్భంలో బ్రదుకెట్టిదో ఎరుగనివాడు గనులను గూర్చి మాట్లాడితే తేలికగా కొట్టివేయవచ్చును. మ్యూర్ ఎరిగినవాడు.

పగలంతా పొలం, రాత్రి పెందలాడే పడక, ఇది ఆ యింటి కట్టుబాటు. చదువుకొన దలిస్తే తెల్లవారుజామున లేచి చదువుకోవచ్చునని తండ్రి ఒకనాడు మాటజారినాడు. జాను ఆ సందును పట్టుకొన్నాడు. రాత్రి ఒంటిగంటకే లేచి, గడ్డకట్టే చలిలో నేలమాళిగలో కొవ్వొత్తి వెలుగున పుస్తకాలు చదివాడు, కొయ్యతో గడియారాలు చెక్కాడు. నిర్ణీత సమయానికి నిద్రించేవానిని లేపి నిలబెట్టే మంచమొకటి చేశాడు. 1860 లో ఈ వస్తువులను మూటగట్టుకొని మాడిసన్ నగరపు ప్రదర్శనకు బయలుదేరాడు. కష్టకాలంలో ఏమైనా సొమ్ము పంపగలరా అని తండ్రిని అడిగితే లేదన్నాడు. స్కాట్లండు విడిచేటప్పుడు తాత చేతిలో పెట్టిన బంగారు నాణెం ఒకటి, స్వయంగా కూడబెట్టిన కొద్ది డాలర్లు, ఇంతే ఆస్తి.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశం దొరికింది. అక్కడ ఒక తోటి విద్యార్థి లోకస్ట్ చెట్టు పూవును చూపి, ఆ మహావృక్షానికి, పెరటి బఠాణీ తీగెకు చుట్టరికం ఉన్నదని విప్పి చెప్పాడు. మన చింతకు, తుమ్మకు, చిక్కుడుకు ఉన్న చుట్టరికమే అది. వృక్షశాస్త్రం ఆనాటి నుండి మ్యూరును వదలలేదు. కాని పట్టా తీసుకొనలేదు. 1863 లో కళాశాల విడిచాడు. పట్టా లేని ఈ విద్యార్థికి తరువాతి కాలంలో అదే విశ్వవిద్యాలయం గౌరవ పట్టమిచ్చింది. పరీక్షలు సమీపించిన మన విద్యార్థులు ఈ సంగతిని దుర్వినియోగపరచరని నమ్ముతున్నాము.

యంత్రాలలో ఆయనకు అసాధారణమైన నేర్పు. ఇండియానాపొలిస్ నగరంలో బండ్ల భాగాలు చేసే కర్మాగారంలో మంచి హోదాకు వచ్చాడు. 1867 మార్చిలో ఒకనాడు యంత్రపు తోలుపట్టీని సవరిస్తుండగా ఆకురాయి మొన జారి కుడికంటిలో గ్రుచ్చుకొన్నది. కొద్ది గంటలలో ఎడమకన్ను కూడ చూపు కోల్పోయింది. వారాల తరబడి చీకటిగదిలో పడుకొన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి లోకమే గనిగా మారిన దినాలవి. చూపు క్రమంగా తిరిగి వచ్చింది. వచ్చిన చూపును యంత్రాల ఎదుట ఖర్చు చేయరాదని ఆయన నిశ్చయించాడు. ఆ సెప్టెంబరులోనే కెంటకీ నుండి మెక్సికో సింధుశాఖ వరకు సుమారు వేయి మైళ్లు కాలినడకన పోయినాడు. దారిలో మలేరియా పట్టింది. క్యూబా, పనామాల మీదుగా 1868 మార్చి చివర శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగి, ఊరినుండి బయటికి పోయే దగ్గరి దారి అడిగి, తిన్నగా సియెర్రా వైపు నడక సాగించాడు.

మరుసటి వేసవిలోనే ఆయన సుమారు 2,000 గొర్రెల మంద వెంట పర్వతాలకెక్కినది, మోనో కనుమ దాటినది. కనుమకు అవతల బ్లడీ కాన్యన్ అనే నిటారు లోయ. రాళ్లకు కాళ్లు చీరుకొని గుర్రాలు చిందించిన రక్తం వలన దానికాపేరు. ఆ దారి గనుల వారిది కాదు, గొర్రెల కాపరులది కాదు. మోనో సరస్సు తీరపు ఆదివాసులు యోసెమిటీ ప్రాంతపు ఓక్ కాయల కొరకు, ప్రతిగా ఉప్పు, పైన్ గింజలు, బాణపు మొనలకు పనికివచ్చే నల్లని గాజురాయి మోసుకొని తరతరాలుగా నడిచిన దారి. 1851 లో బంగారు గనుల వారి పక్షాన ఏర్పడిన దళం యోసెమిటీ లోయలో ప్రవేశించి అక్కడి జనాన్ని వెళ్లగొట్టింది. మరుసటి ఏడు, పారిపోయిన వారిని వెన్నాడుతూ సైనికులు ఈ కనుమ దాటినారు. ప్రజల కొరకు వెదుకుతూ పోయి బంగారపు రాళ్ల నమూనాలతో తిరిగి వచ్చారు. ఆ వార్త విని గనులవారు కనుమకు ఎగబాకినారు. గుడిసెల చరిత్ర ఇక్కడ ఆరంభమయింది.

బ్లడీ కాన్యన్ దారిలో మ్యూరుకు ఆదివాసుల గుంపొకటి ఎదురయింది. ఓక్ కాయలకు పోతున్నవారు. వారి ముఖాల మీది మురికిని చూచి ఆయనకు ఏవగింపు కలిగింది. తోటి మానవుల పట్ల ఇట్టి ఏవగింపు కలగడం విచారకరమని తానే వ్రాసుకొన్నాడు గాని, ఏవగింపును దాచలేదు. కొమ్మను చూచి ప్రాణం నిలుపుకొన్న మనిషి, చెట్టులో చుట్టరికం కనిపెట్టిన మనిషి, ఆ దారికి హక్కుదారులైన వారిలో చుట్టరికాన్ని వెంటనే గుర్తించలేకపోవడం మాకు బాధ కలిగించింది. పిదప అలాస్కా యాత్రలలో అక్కడి జాతులవారితో పడవలలో తిరిగి, వారి భోజనం తిని, వారిని గౌరవంగా వర్ణించాడు. అయినను యౌవనంలో వ్రాసిన మాటలు అట్లే నిలిచాయి. ఆయన స్థాపించిన సంఘమే 2020 లో ఆదివాసులను, నల్లజాతివారిని గూర్చి ఆయన చేసిన కించపరచే వ్యాఖ్యలను బహిరంగంగా ఒప్పుకొన్నది. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు ఇట్టి పుటలను చించివేసే ఆచారం ఒకటున్నది. మాకది సమ్మతం కాదు.

యోసెమిటీలో కొంతకాలం ఆయన కొయ్యకోత మిల్లు నడిపాడు. కూలిన చెట్లనే కోసేవాడు. తీరికవేళ శిలలను చదివేవాడు. ఆ లోయ భూమి క్రుంగడం వలన ఏర్పడినదని రాష్ట్ర భూగర్భశాస్త్రజ్ఞుడు జొసయా విట్నీ తీర్మానించి ఉన్నాడు. మ్యూర్ మాత్రం రాతి పలకలమీది నునుపును, సమాంతరంగా సాగిన గీరలను చూచి, మంచునదులు ఒరుసుకొని పోయి ఈ లోయను తొలిచాయని వాదించాడు. గొర్రెలకాపరికి భూగర్భశాస్త్రమేమిటని విట్నీ ఈసడించాడు. మ్యూర్ వాదులాడలేదు. 1871 లో ఆ శ్రేణిలోనే సజీవమైన హిమానీనదాన్ని కనుగొని, ఆ సంవత్సరమే న్యూయార్క్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. 1872 లో మెక్లూర్ హిమానీనదం మీద వరుసగా కొయ్యలు పాతి, 46 దినాల తరువాత తిరిగి వచ్చి చూచాడు. నడుమనున్న కొయ్య 47 అంగుళాలు జరిగి ఉన్నది. అనగా దినానికి ఇంచుమించు ఒక అంగుళం. నదీప్రవాహాల పాత్రను ఆయన తక్కువగా అంచనా వేసినట్లు తరువాతి పరిశోధకులు తేల్చారు గాని, మంచు ఉలి పట్టిందన్న మూలసూత్రం మాత్రం నిలిచింది.

1878 లో భూమాపన శాఖవారితో కలిసి ఆయన నెవాడా రాష్ట్రపు ఎడారి కొండలలో తిరిగాడు. అక్కడ ఆయనకు కనిపించినవి చచ్చిన ఊళ్లు. హామిల్టన్, ట్రెజర్ హిల్ మొదలైన చోట్ల 1868 ప్రాంతంలో వెండి దొరికినదని విని వేలమంది వచ్చి ఇండ్లు, బడులు, బ్యాంకులు కట్టారు. పదేళ్లు తిరగకముందే జనం పలుచబడి ఊళ్లు బావురుమన్నాయి. పొగరాని పొగగొట్టాలు, ఇసుకలో కూరుకొని త్రుప్పుపట్టిన యంత్రాలు. యంత్రనిర్మాణం ఎరిగిన మ్యూరుకు ఆ యంత్రాలను చూడగా కడుపు తరుక్కుపోయింది. ఎంత మంచి పనితనం, ఎంత శ్రమ ఇట్లు వ్యర్థమైనది గదా అని ఆయన బాధ. పురాతన నాగరికతల శిథిలాలు శతాబ్దాల తరువాత ఏర్పడగా, వీరు జీవించి ఉండగానే శిథిలాలను తయారు చేసుకొన్నారని ఆయన భావించాడు.

మోనో కనుమకు ఉత్తరాన టయోగా ప్రాంతంలో ఇంతకంటె విచిత్రమైన కథ నడిచింది. వెండి ఉన్నదన్న నమ్మికతో ఒక కంపెనీ బెనెట్‌విల్ అనే ఊరును నెలకొల్పి, 1882 నుండి 1884 వరకు కొండలోనికి 1,784 అడుగుల సొరంగం తొలిచింది. నడి శీతకాలంలో మంచుమీద యంత్రాలను ఈడ్పించింది. 1883 లో చీనా కూలీలు మొదలైనవారిచేత 130 దినాలలో 56 మైళ్ల బండిబాట వేయించింది. సుమారు 3 లక్షల డాలర్లు వెచ్చించింది. అమ్మదగిన వెండి రాయి ఒక్కటి కూడ బయటికి రాలేదు. మిగిలినది బాట మాత్రమే.

1880 లో మ్యూర్ లూయీ స్ట్రెంట్జెల్‌ను వివాహమాడి, మార్టినెజ్ వద్ద మామగారి పండ్లతోటలను చూచుకొన్నాడు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. తోటల వలన ధనం బాగా చేరింది, ఆరోగ్యం చెడింది. కొండలకు పొమ్మని భార్యయే ప్రోత్సహించింది. 1889 లో పత్రికా సంపాదకుడు జాన్సన్‌తో కలిసి ట్వాలమీ పచ్చికబయళ్లలో బసచేసినప్పుడు, గొర్రెలు మేసి బోడిచేసిన నేలను చూచి ఇద్దరూ వ్యథ చెందారు. ఆయన వ్రాసిన వ్యాసాలు దేశాన్ని కదిలించాయి. 1890 అక్టోబరు 1 వ తేదీన యోసెమిటీ జాతీయవనం ఏర్పడింది. 1892 లో సియెర్రా క్లబ్బు స్థాపింపబడి, మ్యూర్ మరణపర్యంతం దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1903 మే నెలలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూడు రాత్రులు ఆయనతో ఆరుబయట పండుకొన్నాడు. అదే సంవత్సరం ప్రపంచయాత్రకు బయలుదేరిన మ్యూర్ మన దేశానికి కూడ వచ్చి, దార్జిలింగు చూచి, సిమ్లా కొండలలో దేవదారు వృక్షాలను దర్శించి వెళ్లినాడు.

గనులు అంత సులువుగా ఓటమిని ఒప్పుకోలేదు. 1905 లో గనుల హక్కుదారుల, కలప వ్యాపారుల ఒత్తిడి వలన జాతీయవనం నుండి 500 చదరపు మైళ్లకు పైగా నేలను ప్రభుత్వం తొలగించింది. ఆ సంవత్సరమే భార్య మరణించింది. 1906 లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం భూకంపానికి, అగ్నికి ఆహుతి అయింది. నీటికొరకు నగరం హెచ్‌హెచ్చీ లోయను కోరింది. అది జాతీయవనంలోని లోయ, యోసెమిటీకి తోబుట్టువు. ఆనకట్ట కట్టి దానిని ముంచరాదని మ్యూర్ ఏళ్ల తరబడి పోరాడాడు. నగరవాసుల దాహం కూడ నిజమే. ఆయన దానిని కాదనలేదు, నీరు వేరొకచోట దొరుకుతుందన్నాడు. 1913 డిసెంబరు 19 వ తేదీన ఆనకట్టకు అనుమతినిచ్చే చట్టంపై అధ్యక్షుడు విల్సన్ సంతకం చేశాడు. 1923 లో ఆనకట్ట పూర్తయింది. ఆ లోయ నేటికీ నీటి అడుగుననే ఉన్నది.

చట్టం వచ్చిన ఏడాదికి, 1914 డిసెంబరు 24 వ తేదీన లాస్ ఏంజెలస్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వాపుతో ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయసు 76. అలాస్కా యాత్రల గ్రంథపు వ్రాతప్రతిని అంత్యదినాలలో కూడ వెంట ఉంచుకొన్నాడు.

మరుసటి సంవత్సరం 1915 లో రెండు కార్యాలు జరిగాయి. కాలిఫోర్నియా శాసనసభ మ్యూర్ పేరిట పర్వతాలమీదుగా కాలిబాట వేయడానికి 10,000 డాలర్లు మంజూరు చేసింది. 211 మైళ్ల ఆ బాట 1938 లో పూర్తయింది. రెండవది, బెనెట్‌విల్ గనికొరకు వేసి వదలివేసిన బండిబాటను స్టీవెన్ మాథర్ అనే ఆయన మిత్రులతో కలిసి కొని ప్రభుత్వానికి దానమిచ్చాడు. వెండి రాయి ఒక్కటీ మోయని ఆ బాట జాతీయవనపు రహదారిగా మారింది. నేడు మోనో కనుమకు పోయేవారు బండి దిగేది ఆ రహదారి మీదనే.

మ్యూర్ కొయ్యలు పాతిన మెక్లూర్ హిమానీనదం ఇప్పుడు చాల సన్నగిల్లింది. దాని పొరుగుననే ఉన్న లయెల్ హిమానీనదం కదలిక మానినదని 2013 లో ప్రకటించారు. మెక్లూర్ మాత్రం, మ్యూర్ కొలిచిన నాటివలెనే, దినానికి అంగుళం చొప్పున జరుగుతూనే ఉన్నదని అప్పటి కొలతలలో తేలింది. కనుమ వద్ద గుడిసెలలో కొన్నింటికి పైకప్పు లేదు. దుంగలు ఎండకు వెలవెలబోయినాయి. దుంగల సందులలోనుండి బ్లడీ కాన్యన్ వైపు గాలి వీస్తూ ఉంటుంది.